హేరోదు కత్తికి ఒర

"ఈ క్యాంపస్‌ల ఆడపిల్లల హాస్టల్ లేచేదాకా ఈ కత్తిని ఒరల పెట్టను!"

యూనివర్సిటీ మైదానంలో మంత్రి శశిభూషణ్‌గారు కత్తి పైకెత్తి భీకరంగా శపథం చేశారు. సభంతా చప్పట్లు. వెనక వరుసలో దానియేలు చేతులు మాత్రం సగంలోనే ఆగిపోయాయి.

ఆ కత్తి అతనిది. సన్మానం కోసమని కార్యకర్తలు తార్నాకలోని అతని డ్రామా సామాన్ల షాపు నుంచి ఒక్కపూటకు కిరాయికి తెచ్చారు. పాతకాలపు రాజుల కత్తికి అచ్చమైన నకలు. వచ్చే ఆదివారం మల్కాజ్‌గిరి చర్చిలో క్రిస్మస్ నాటకం. అందులో పసిపిల్లలను చంపించే హేరోదు రాజు పట్టాల్సిన కత్తి అదే. హేరోదు వేషం దానియేలుదే.

వేదిక దిగుతున్న మంత్రిగారి పీఏ ఓబులేసును పట్టుకున్నాడు.

"సార్, నా కత్తి వాపస్ ఇయ్యాలె."

"ఎట్లిస్తామప్పా? సారు శపథం చేసినాడు గదా! ఒరలో పెట్టినాక తీసుకుపో."

"దానికి ఒరే లేదు సార్. వేషాల కత్తి."

ఓబులేసు కళ్లు మెరిశాయి. "లేదా? మంచిదేలే!"

మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. మర్నాటి నుంచి కత్తి లేకుండా గడప దాటలేదు. పెళ్లిలో అక్షింతలు వేసినా కత్తితోనే. రక్తదాన శిబిరానికి అలాగే వెళ్తే దాతలు వెనక గేటు నుంచి జారుకున్నారు.

హాస్టల్ ఏమైందని విలేకరులు అడిగారు.

"మా దిక్కు నుంచి ఆలస్యం లేదు. ఒర లేక ఆగింది" అన్నారు మంత్రిగారు గంభీరంగా.

టీవీలో ఆ మాట విన్న దానియేలుకు ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా! అట్టముక్కలకు రెగ్జిన్ చుట్టి, ఎర్ర మఖమల్ అంటించి ఒర తయారు చేశాడు. శనివారం ప్రెస్‌మీట్‌కు పరిగెత్తాడు.

"సార్, ఒర తెచ్చిన!"

కెమెరాలన్నీ తిరిగాయి. ఓబులేసు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్నెవరు తెమ్మన్యారప్పా?"

మంత్రిగారు మాత్రం రెప్ప వేయలేదు. ఒర అందుకుని, కత్తిని అందులోకి సర్రున దించారు.

"చూసిన్రు గదా! కత్తి ఒరల వడ్డది. అంటే హాస్టల్ పూర్తయినట్టే! శశిభూషణ్ మాటంటే మాటే!"

మొదటి చప్పట్లు ఓబులేసువి. ఆ ఊపులోనే కత్తి దానియేలు చేతికొచ్చింది.

ఆదివారం హేరోదు కత్తి ఝళిపిస్తే ముందు వరుసలో పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. భార్య రజిని మొదటిసారి అతని నటన మెచ్చుకుంది.

సోమవారం పొద్దున్నే హుషారుగా షాపు షట్టర్ ఎత్తాడు. మెట్ల మీద ట్రంకుపెట్టెతో ఒక అమ్మాయి. పేరు నవనీత, ఎమ్మే చదువుతోంది.

"అన్నా, నాకు కొత్త హాస్టల్ల రూమ్ ఇచ్చిన్రు. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం."

"మస్తుగున్నది గదమ్మా!"

"గాడికి వోయే వస్తున్న. తుమ్మచెట్లు తప్ప ఏం లేవు."

ఆమె డాళ్లనూ కిరీటాలనూ దాటి, షాపు లోపల నిలబెట్టిన థర్మాకోల్ రాజమహలు వైపు చూసింది.

"అన్నా, గోడలు కూడా కిరాయికిస్తరా?"