మాబున్నీసా కుట్టిన గొర్రెలు

ఆ రోజు పొద్దున మాబున్నీసా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా పన్నెండు గొర్రెపిల్లల్ని కుట్టి, కడుపుల్లో దూది కూరి, పక్క వీధి రూతమ్మ పంతులమ్మకు అప్పజెప్పడం, ఆ పైన జొన్నన్నం తిని కాసేపు నడుం వాల్చడం. ఇందులో జొన్నన్నం ఒక్కటే సవ్యంగా జరిగింది.

అది 1944 డిసెంబరు. యుద్ధం ఎక్కడో దూరదేశాల్లో జరుగుతున్నా కరువు మాత్రం మాచర్ల దాకా వచ్చింది. గుడ్డ లేదు, కిరసనాయిలు లేదు, చివరికి ఖాళీ గోతం కూడా దొరకడం లేదు. అందుకని మాబున్నీసా బొమ్మలన్నీ పాత బట్టల్లోంచే పుట్టేవి. చిరిగిన పంచెతో ఒళ్లు, అరిగిపోయిన గొంగళితో చెవులు, చొక్కా గుండీలతో కళ్లు. ఆమె మొగుడు నాగూర్ వలి దూది ఏకి పరుపులు కుట్టేవాడు కాబట్టి కడుపులకు మాత్రం లోటు ఉండేది కాదు.

రూతమ్మది క్రైస్తవ మిషన్ వాళ్లు నడిపే ఒంటి పంతులమ్మ బడి. ఇరవై ముగ్గురు పిల్లలు, వాళ్లలో మాబున్నీసా కూతురు సాబిరా ఒకతె. ఆ సాయంత్రం బడి పిల్లలు వేసే క్రిస్మస్ నాటకం చూడటానికి గుంటూరు నుంచి మిషన్ బళ్ల మేనేజరు రాజారత్నం గారు వస్తున్నారు. నాటకం ఒక వంక. అసలు సంగతి, ఈ బడిని ఉంచాలా, మూసేసి పిల్లల్ని రైలుకట్ట అవతలి బడిలో కలపాలా అన్నది ఆయన తేల్చాలి. ఆడపిల్లను రైలుకట్ట దాటించి పంపేది లేదని నాగూర్ వలి ఎప్పుడో చెప్పేశాడు. అంటే బడి పోతే సాబిరా చదువు మూడో తరగతితో సరి. పోనీ రాజారత్నం గారేమన్నా మెత్తని మనిషా అంటే, ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. ఏడవగా చూసినవాళ్లు అసలే లేరు.

గొర్రెపిల్లలకు నమూనాగా రూతమ్మ ఒక క్రిస్మస్ కార్డు ఇచ్చింది. దొరల సీమ నుంచి వచ్చిన కార్డు. దాని మీద పొట్టి కాళ్లతో, ఒళ్లంతా ఉంగరాల బొచ్చుతో ఒక తెల్లటి జీవం నిలబడి ఉంది.

"ఇదేం గొర్రె పంతులమ్మా? స్టేషన్ మాస్టరు గారి బొచ్చుకుక్క లెక్కుంది," అంది మాబున్నీసా.

"సీమలో గొర్రెలు అట్టనే ఉంటాయంట వదినా."

"ఉంటే ఉండనీ. ఏటా బక్రీదుకు పొట్టేలు పళ్లు చూసి ఏరి తెచ్చేది నేను. గొర్రె ఎట్టుంటదో నాకు చెప్పబాక."

కార్డును గూట్లో పెట్టి, మాబున్నీసా తను పుట్టినప్పటి నుంచి చూస్తున్న గొర్రెనే కుట్టింది. పొడుగు కాళ్లు, వేలాడే చెవులు, నున్నటి తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ గొంగళి ముక్కతో నల్లమచ్చలు. పల్నాటి గొర్రె ముమ్మూర్తులా దిగింది. పొద్దెక్కేసరికి పన్నెండూ తయారై, ఉత్త తిత్తుల్లా అరుగు మీద పడుకుని దూది కోసం ఎదురుచూస్తున్నాయి.

నాగూర్ వలి దూది తెచ్చాడు. తెల్లగా, మెత్తగా, నురగలా ఏకిన దూది. కాకపోతే దాన్ని తెచ్చిన గోతం గురవయ్య కొట్లోది. గురవయ్యది మిరపకాయల కొట్టు. అడుగున ఇంకా కారం ఉందని ఎవరికైనా వాసన బట్టి తెలిసిపోతుంది, ఒక్క నాగూర్ వలికి తప్ప. అతనికి వారం నుంచి పడిశం.

రెండో గొర్రె కడుపు కూరేసరికి మాబున్నీసా నాలుగుసార్లు తుమ్మింది. ఐదో గొర్రెకు కళ్ల వెంట నీళ్లు.

"దగ్గరికి రాబాకయ్యా అంటే ఇన్నావా? నీ పడిశం నాకంటించావు!"

"నా పడిశానికి ముక్కే గదే కారేది? నీకు కళ్లెందుకు కారతన్నాయి?"

"నిన్ను కట్టుకున్నందుకు," అని మాబున్నీసా ఆరో గొర్రెను అందుకుంది.

మూడు గంటలకు రూతమ్మ వచ్చింది. వచ్చి, అరుగు మీద వరసగా నిలబడ్డ పన్నెండింటినీ చూసి, అక్కడే చతికిలబడింది.

"వదినా, గొర్రెలడిగితే కుక్కల్ని కుట్టావేంది!"

"కుక్కలా? కళ్లు తెరిచి చూడు. ఆ మచ్చలు చూడు, ఆ చెవులు చూడు!"

"నిజం గొర్రె అట్టనే ఉంటది. బొమ్మయితే కుక్క లెక్కుంటది. నేనేం చేసేది వదినా? ఆయన రైలు దిగి గంటయింది!"

 పదకొండేళ్లుగా ఆ బడే రూతమ్మ లోకం. అది తెలుసు కాబట్టి మాబున్నీసా కోపం వచ్చినా తమాయించుకుంది. ఆఖరికి రూతమ్మే ఒక ఉపాయం ఆలోచించింది. గొర్రెల కాపరి వేషాలు వేసే పిల్లలు పన్నెండుమందీ బొమ్మల్ని గుండెలకు గట్టిగా అదుముకోవాలి, కాళ్లూ తోకా కనపడకుండా. అదుముకుని అందరూ ఒక్కసారి "మే" అనాలి. అప్పుడు గొర్రెలు కావని ఎవడంటాడు?

దీపాలకు కిరసనాయిలు లేదు కాబట్టి నాటకం సాయంత్రం నాలుగింటికే, బడి ముందు తాటాకు పందిట్లో మొదలైంది. ముందు వరసలో కుర్చీ మీద రాజారత్నం గారు, కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పక్కనే చర్చి ఉపదేశి ఐజాక్. వెనక ఊరి జనం.

కాపరులు వచ్చారు. పంతులమ్మ చెప్పినట్టే బొమ్మల్ని బలంకొద్దీ అదుముకున్నారు. మొదటివాడు "మే" అనబోయి తుమ్మాడు. రెండోవాడు దగ్గాడు. మిగతావాళ్లు ఏదీ అనలేక కళ్లు నులుముకుని భోరుమన్నారు. శుభవార్త చెప్పడానికి వచ్చిన దేవదూత "భయపడకుడి" అన్నంతవరకు అని, కొంగుతో మొహం కప్పుకుంది. ఐజాక్ విసురుకుంటున్న విసనకర్ర ఆ ఘాటును వరస వరసకూ అందించింది. కాసేపట్లో పందిరంతా కన్నీరు మున్నీరైంది.

ఐజాక్ చుట్టూ చూశాడు. పదిహేనేళ్లుగా ఆయన ప్రసంగాలకు జనం ఆవులించడమే తప్ప ఒక్క కన్నూ తడిసి ఎరగదు. ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఆపుకోబాకండి! కారనీయండి! మనసులో ఉన్న తప్పులన్నీ ఈ పూటే కక్కేయండి!"

వెనక నుంచి బడి పక్కింటి తిరుపతమ్మ ముక్కు చీదుకుంటూ లేచింది. "పంతులమ్మా, నీ కోడిపెట్టను గద్ద ఎత్తుకుపోలేదమ్మా. నేనే కూరొండుకున్నా!"

రాజారత్నం గారు ఇదేమిటా అని ఒక కాపరి చేతిలోని బొమ్మను తీసుకుని, మొహానికి దగ్గరగా పెట్టుకుని, నొక్కి చూశారు. ఆ తరువాత అదే చేత్తో కళ్లు తుడుచుకున్నారు. ఇక ఆయన కళ్లు ఆయన మాట వినలేదు. కాసేపటికి ఆయన లేచారు.

"నేనూ ఒకటి ఒప్పుకోవాలి," అన్నారు వెక్కుతూ. "ఈ బడిని మూసేయమని గుంటూరులోనే రాసుకొచ్చాను. బడిని చూడకుండా, పిల్లల్ని చూడకుండా."

కోటు జేబులోంచి కాయితం తీసి నాలుగు ముక్కలు చేశారు. రూతమ్మ ఏడ్చింది. ఆ పందిట్లో సంతోషంతో ఏడ్చింది ఆమె ఒక్కతే గానీ, అంతమంది ఏడుపులో దాన్ని ఎవరు గుర్తుపడతారు?

రాజారత్నం గారు బొమ్మను పైకెత్తి చూపించారు. "కాపరుల నాటకాలు చాలా చూశాను. అందరూ గొర్రెల్నే పెడతారు. మందను కాసే కుక్కల్ని తలుచుకున్నది ఈ బడి ఒక్కటే. ఎవరు కుట్టారమ్మా ఈ కుక్కల్ని?"

పందిరి చివర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న మాబున్నీసా దిగ్గున లేచింది. "అయ్యగారూ, అయి కుక్కలు కా..."

రూతమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "సాబిరా చదువు వదినా," అంది చెవిలో.

మాబున్నీసా కూతురి వైపు చూసింది. సాబిరా తలకు గుడ్డ చుట్టుకుని, కాపరి వేషంలో, ఎర్రటి కళ్లతో బొమ్మను ఇంకా అదుముకునే ఉంది. ఏటా పొట్టేలు పళ్లు చూసి ఏరి తెచ్చే మాబున్నీసాకు గొర్రె అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగింది.

"నేనే అయ్యగారూ. కుక్కలే," అంది.

రాజారత్నం గారు మెచ్చుకుని, గుంటూరు పిల్లలకు ఇలాంటి కుక్కలే ఇంకో పన్నెండు కుట్టి పంపమని చెప్పి రైలెక్కారు.

మర్నాడు నాగూర్ వలి గోతం దులిపి తిరిగివ్వబోతూ కన్ను నులుముకుని వీధంతా పరిగెత్తాడు. అప్పుడు అసలు సంగతి తెలిసింది. ఈసారి దూదిని మాబున్నీసా తానే వెళ్లి ఉతికిన దుప్పట్లో మూటగట్టి తెచ్చుకుంది. కుక్క విషయంలోనూ జాగ్రత్తపడింది. గూట్లోంచి సీమ కార్డు తీసి ఎదురుగా పెట్టుకుని, పొట్టి కాళ్లు, ఉంగరాల బొచ్చు, ఒక్క కుట్టు తేడా రాకుండా పన్నెండు బొచ్చుకుక్కల్ని కుట్టి రైల్లో పంపించింది.

జనవరిలో ఉత్తరం వచ్చింది. రూతమ్మ దాన్ని సాబిరా చేతికిచ్చి, అమ్మకు చదివి వినిపించమంది. సాబిరా కూడబలుక్కుంటూ చదివింది.

"మీ బడికి ఐదో తరగతి వరకు మంజూరైనది. మాబున్నీసా గారిని కుక్కలు కోరితిమి, గొర్రెలు పంపినారు. అయినను గొర్రెలు చక్కగా ఉన్నవి. ఎందుచేతనో గాని, ఇక్కడి పిల్లల నాటకమునకు ఎవ్వరికీ కన్నీరు రాలేదు."

మాబున్నీసా ఉత్తరం మడిచి గూట్లో పెట్టింది. ఆ తరువాత మొగుణ్ణి పిలిచి, గురవయ్య కొట్టుకు వెళ్లి ఆ గోతం మళ్లీ అడిగి తెమ్మంది.