కోడికి డెబ్బై నాలుగు

ఇందుమూలంగా సమస్త కుటుంబ సభ్యులకు తెలియజేయునది ఏమనగా, సూపరింటెండెంటు గారి వంటింట్లో ఇకపై ఎవరూ నాలుకను గానీ వేళ్లను గానీ నమ్మరాదు. ఉడికిందా లేదా అన్నది డిజిటల్ థర్మామీటరు నిర్ణయిస్తుంది. దాని తీర్పుపై అప్పీలు లేదు.

ఈ ఉత్తర్వు ఊరికే పుట్టలేదు. పోయినసారి డైరెక్టరు గారు భోజనానికి వచ్చినప్పుడు కోడి ఎముక దగ్గర కాస్త పచ్చిగా ఉండిపోయింది. ఆ మహానుభావుడు హాల్లో కన్నా బాత్రూములోనే ఎక్కువసేపు గడిపారు. రావలసిన ప్రమోషన్ సూపరింటెండెంటు గారి దగ్గర పని నేర్చుకున్నవాడికి పోయింది. ఇప్పుడు మళ్లీ ఖాళీ వచ్చింది. డైరెక్టరు గారు మళ్లీ భోజనానికి ఒప్పుకున్నారు. ఈసారీ పప్పులుడక్కపోతే రిటైరయ్యేదాకా అదే కుర్చీ, దానికి అదే విరిగిన చెయ్యి.

"థర్మామీటరు కావాలి," అన్నారాయన దుకాణంలో.

"జ్వరం ఎవరికండీ?"

"కోడికి."

"అయ్యో పాపం! ఎప్పట్నుంచి?"

వంటకని తెలిశాక దుకాణదారుడు ఇంకో రకం తీశాడు. "సూది గుచ్చగానే డెబ్బై నాలుగు చూపిస్తే కోడి ఉడికినట్టేనండీ. బ్రహ్మరుద్రాదులు దిగివచ్చినా కాదనలేరు."

ఆ రోజు నుంచి ఇంట్లో విజ్ఞానం వర్ధిల్లింది. టీ ఎంత వేడిగా ఉందో టీ చల్లారేదాకా చూశారు. రొట్టెను పొడిచి పొడిచి జల్లెడ చేశారు. భార్య విసుక్కుంటే సూదితో ఆవిడ వైపూ ఒకడుగు వేశారు గానీ, ఆవిడ చూపు చూసి విరమించుకున్నారు.

"ఇన్నేళ్లూ మెతుకు పట్టి చూసే కదరా నిన్ను పెంచాను," అంది తల్లి.

"అందుకే అమ్మా, నేనింకా సూపరింటెండెంటుగానే ఉన్నాను."

విందు రోజు ఆయన ఆ యంత్రాన్ని మెత్తటి గుడ్డతో భక్తిగా తుడిచారు. భక్తి కాస్త ఎక్కువైంది. వెనకున్న చిన్న మీట నొక్కుకుపోయి, సెల్సియస్ కాస్తా ఫారన్‌హీటైంది. ఆ లెక్కలో డెబ్బై నాలుగంటే ఎవరూ కూర్చోని కుర్చీకి ఉండేపాటి వేడి.

కోడి పొయ్యెక్కింది. సూది దిగింది. అంకె అప్పుడే డెబ్బై నాలుగు!

"దించెయ్!" అన్నారాయన.

"ఇప్పుడేగా ఎక్కించాను! ఇంకా కూస్తుందేమో చూడండి," అంది భార్య.

"నీకు తెలుసా, యంత్రానికి తెలుసా?"

బల్ల దగ్గర ఆఫీసు వాళ్లందరి ముందూ డైరెక్టరు గారు కత్తి పెట్టి కోశారు. లోపలంతా ఎర్రగా ఉంది. సూపరింటెండెంటు గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. యంత్రాన్ని ఎత్తి చూపించారు. డైరెక్టరు గారు మాంసాన్ని చూశారు, అంకెను చూశారు, లేచి నిలబడ్డారు.

"సోదరులారా! నా సర్వీసంతా అంకెల కింద సంతకాలు పెట్టినవాణ్ణి. డెబ్బై నాలుగని అంకె చెబుతూ ఉంటే కంటిని నమ్మడం క్రమశిక్షణా రాహిత్యం. ఈ కోడి ఉడికినదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఒక అధికారి ముక్కను రెండు చేతులా పట్టి లాగుతూ, "ఆహా, ఏం మెత్తదనం!" అన్నాడు. ఇంకొకాయన నోరు కాలిందని మంచినీళ్లు అడిగాడు. సూపరింటెండెంటు గారి నాలుక కూడా ఏదో మొరపెట్టుకుంది. నాలుకకు అప్పీలు హక్కు లేదు కదా, మింగేశారు. అత్తాకోడళ్లు మాత్రం తమకు ఆకలి లేదన్నారు.

మర్నాడు ఆఫీసులో నరపురుగు లేదు. "నా కొంప మునిగిందే!" అంటూ సూపరింటెండెంటు గారు మంచానికీ బాత్రూముకీ మధ్య ఏడ్చారు. ఏడవనక్కర్లేకపోయింది. విచారణ సంఘం వేశారు. కోడి నిబంధనల ప్రకారమే ఉడికిందనీ, కడుపులే నాసిరకానివనీ సంఘం తేల్చింది. ఆయనకు ప్రమోషన్, ఆఫీసులో బల్లకొక థర్మామీటరు మంజూరయ్యాయి.

ఆ శుభసందర్భంలో భార్య కోడిని ఘుమఘుమలాడేలా వండింది. ఆయన సూది గుచ్చారు. నూట ఎనభై!

"మాడి మసైపోయింది! పారెయ్!" అని, హాల్లోకి వెళ్లి గ్లూకోజు నీళ్లు తాగుతూ కూర్చున్నారు.

వంటింట్లో అత్తాకోడళ్లు ఆ మసిని ఎముకలు మిగలకుండా తింటున్నారు.

"వెనకాల మీట మారిందని వాడికి చెబుదామా అమ్మాయ్?"

"తినేశాక చెబుదాం అత్తయ్యా."

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ ఈ కథ బావుందని తొందరపడి ఎవరితోనూ అనకండి. ఎంతమంది మెచ్చుకున్నారో అంకె వచ్చాక అందురుగాని.