చైర్మన్ గారి డిమ్మర్

"వెలుగును అదుపులో పెట్టిన మొదటి గ్రంథాలయం మనదే" అని మున్సిపల్ చైర్మన్ కైలాసం గారు ప్రకటించారు. అంతటి మాటకు చప్పట్లు కొట్టకపోతే బాగుండదు. రోజూ అక్కడ ఉచితంగా పేపర్ చదివేవాణ్ని, గట్టిగానే కొట్టాను.

రీడింగ్ హాల్లో ఆరు ఎల్‌ఈడీ బల్బులకు కలిపి ఒక డిమ్మర్ బిగించారు. ఫ్యాను రెగ్యులేటర్‌లా తిప్పితే వెలుగు తగ్గాలి, కరెంటు ఆదా కావాలి. చైర్మన్ గారు రిబ్బన్ కత్తిరించి సగం దాకా తిప్పారు. బల్బులు తగ్గలేదు, కన్ను కొట్టడం మొదలుపెట్టాయి.

రోజూ ఆ హాల్లోనే చదువుకునే దీపికకు ఇరవై రోజుల్లో గ్రూప్స్ పరీక్ష. ఇంట్లో చదువుదామంటే వాళ్ల బాపు పిండిగిర్ని పొద్దంతా మోగుతుంది. ఆ పిల్ల పుస్తకం మూసి కళ్లు నులుముకుంటుంటే నాకు పాపమనిపించింది.

నస్పూర్ నుంచి ఎలక్ట్రీషియన్ కొండల్‌ను పిలిపించారు. అతను మూత విప్పి చూశాడు.

"ఇది పాత బల్బుల డిమ్మర్ సార్. గీ ఎల్‌ఈడీలు డిమ్ అయ్యే రకమే కాదు. డిమ్ అయ్యే బల్బులు తేవాలె, వాటికి కుదిరే డిమ్మర్ తేవాలె. పిల్లను, పిలగాన్ని ఇద్దర్ని చూసినంకనే గదా లగ్గం పెట్టుకునేది."

"లగ్గం అయిపోయింది. శిలాఫలకం మీద గూడ చెక్కించినం" అన్నారు చైర్మన్ గారు.

పోనీ ఫుల్‌గా తిప్పి వదిలేయమన్నాడు కొండల్. అట్లయితే డిమ్మర్ ఎందుకని చైర్మన్ గారు అడిగారు. కొండల్ మళ్లీ పనిముట్ల సంచి తెరిచాడు.

ఆ డిమ్మర్‌కు ఎల్‌ఈడీల లోడు చాలడం లేదని, కొండల్ అదే వైరుకు నూరు వాట్ల పాత బల్బొకటి కలిపి స్టోర్‌రూంలో వేలాడదీశాడు. హాల్లో కన్ను కొట్టడం ఆగింది. ఆరు ఎల్‌ఈడీలూ కలిపి కాల్చే యాభై నాలుగు వాట్లలో ఆదా చేయడానికి ఇంకో నూరు వాట్లు వెలిగించామని నేనెవరికీ చెప్పలేదు. దీపిక చదువుకుంటోంది కదా.

వారం తిరక్కుండానే గ్రంథాలయానికి కరెంటు పొదుపు అవార్డు వచ్చింది. రీడింగ్ హాల్లోనే పెట్టిన సభ రోజు దండల కోసం స్టోర్‌రూంలోకి వెళ్లిన చైర్మన్ గారు ఆ బల్బును చూసి నొచ్చుకున్నారు.

"ఎవ్వలు లేని కాడ ఊకె కాలుతున్నది" అని, కండువా చుట్టి స్వహస్తాలతో ఊడదీశారు.

ఆయన అవార్డు అందుకునే వేళకు హాలంతా మిణుకుమిణుకుమంటోంది. డెకరేషన్ బ్రహ్మాండంగా ఉందని అతిథులు మెచ్చుకున్నారు. కొండల్ నా వైపు చూశాడు, నేను చప్పట్లు కొట్టాను. దీపిక పుస్తకాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆమె బస్టాండులో, పెద్ద లైటు కింద బెంచీ మీద చదువుతూ కనిపించింది. చైర్మన్ గారూ అటే వచ్చారు. ఆప్యాయంగా పరీక్ష ఎప్పుడని అడిగారు. పదకొండు రోజులుందని చెప్పింది. ఆయన తలెత్తి లైటును చూశారు.

"కండ్లకు గింత వెలుగు మంచిది గాదు బిడ్డా. నువ్వేం ఫికర్ చెయ్యకు, రేపే గీడ గూడ డిమ్మర్ పెట్టిస్త."

దీపిక పుస్తకంలో ఇంకా ఎన్ని పేజీలున్నాయో తిప్పి చూసుకుని, తొందర తొందరగా చదవసాగింది.