పరామర్శకూ వంతులు వేసే సాఫ్ట్‌వేర్

మనిషి మనిషిని నోరు తెరిచి సాయం అడగడం అనాగరికం! అరకు కొండల్లోని మా చిన్న చర్చికి 2008లో కంప్యూటర్ వచ్చాకే ఈ సత్యం నాకు బోధపడింది. సంఘ కార్యదర్శిని కదా, మీకూ బోధించడం నా బాధ్యత.

అంతకుముందు మా బతుకు ఎంత హీనమో చెప్పమంటారా? శనివారం వస్తే చాలు, ఎజ్రా పాస్టరుగారు కాఫీ తోటల వెంట తిరుగుతూ “అమ్మా, రేపు వాక్యం చదువుతావా? బాబూ, డోలు వాయిస్తావా?” అని అందరినీ బతిమాలేవారు. వాళ్లేమో ఆయన్ని కూర్చోబెట్టి, చోడి అంబలి పోసి, ఇంటి కష్టాలన్నీ చెప్పుకునేవారు. ఎంత టైమ్ వేస్టు!

అందుకే సాలూరు నుంచి రవిబాబు అనే సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి పిలిపించాం. అతను రెండు రకాలు చూపించాడు. మొదటిది విదేశీ సరుకు. అందులో చర్చి ముందు మంచు ఎత్తిపోసే డ్యూటీ కూడా ఉంది! మా మంచు పొద్దెక్కితే దానంతటదే పోతుంది, దానికో మనిషి ఎందుకు?

స్త్రీల సమాజం పెద్ద సంతోషమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. “ఏటి బాబూ, సంత రోజున సెలవియ్యదా ఇది?”

“సంతంటే దానికి తెలీదండి” అన్నాడు రవిబాబు.

రెండోదానికి సంత తెలుసు. వాక్యం, పాట, ఊడ్పు, రోగుల పరామర్శ, అన్నిటికీ వంతులు వేసి చార్టు అచ్చేస్తుంది. తలుపుకు అంటిస్తే చాలు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నా ఓటు దానికే!

ఆహా, ఏమి ప్రశాంతత! గొంతు లేనివాడికి పాట వంతొచ్చింది. పాడాడు. భరించాం. గుమ్మంలో చెత్త ఉంటే దాటుకుని లోపలికి వెళ్లాం. వంతు లేకుండా చీపురు పట్టడం క్రమశిక్షణేనా, మీరే చెప్పండి!

ఆ వానాకాలంలో సోములమ్మ ఒక ఆదివారం చర్చికి రాలేదు. గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలమ్మ. అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచే మనిషి. జ్వరమని తెలిసి అందరం చార్టు చూశాం. పరామర్శ వంతు ఫిలిప్పుది. ఫిలిప్పేమో కూతురి కాన్పుకని రంపచోడవరం వెళ్లాడు. పాస్టరుగారు కూడా ఊళ్లో లేరు.

“పోనీ నానెల్లి సూసొత్తాను” అంది సంతోషమ్మ.

“వంతు తప్పితే ఇక సాఫ్ట్‌వేర్ ఎందుకమ్మా?” అన్నాడు సంఘ పెద్ద ధనరాజు. న్యాయమే కదా! ఆవిడ ఆగిపోయింది.

మర్నాడు మంగ్లు పశువులు తోలుకుపోతూ గుడిసెలో మూలుగు విన్నాడు. మంగ్లు మా సంఘం మనిషి కాడు, కొండదేవతకు మొక్కుకుంటాడు. చార్టు సంగతి పాపం అతనికేం తెలుసు? తమ్ముణ్ణి కేకేసి, కర్రకు దుప్పటి కట్టి డోలీ చేసి, వానకు పొంగి పారుతున్న గెడ్డ దాటించి ఆమెను ఆసుపత్రికి చేర్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

సంగతి తెలిసి సంతోషమ్మ ఆసుపత్రికి పరుగెత్తింది.

“ఏటమ్మా, మీరంతమంది ఉన్నారు గదా, ఒక్కలూ రాలేదేటి?” అన్నాడు మంగ్లు.

“మా వంతు కాదు, మంగ్లూ.” ఆవిడ తలెత్తలేదు.

“వంతేటి? ముసల్ది మూలుగుతుంటేను!” అతనికి కోపం రాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

పాస్టరుగారు రాగానే కమిటీ కూర్చుంది. ఇంత పనికొచ్చే మంగ్లు పేరు వెంటనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలని ధనరాజు ప్రతిపాదించాడు. జన్మలో మొదటిసారి నేను కంప్యూటరుకు అడ్డం తిరిగాను.

దయచేసి ఎక్కించకండి! పేరెక్కితే మంగ్లు కూడా తన వంతు వచ్చేదాకా ఆగడం నేర్చుకుంటాడు. రేపు జ్వరం నాకొస్తేనో?