నల్ల దారం కట్టిన తీగ

పది గంటలకల్లా కొత్త ఫోన్లు మోగాలి. పదకొండుకు టోకు వ్యాపారి ఫోను చేస్తాడు. సాయంత్రానికి హలో అక్క తన కుర్చీ ఖాళీ చేసి పిడులు అతికించే బల్ల దగ్గరికి పోవాలి. గొడుగుల కార్ఖానాలో ఆ ఉదయం వేసుకున్న పథకం ఇంతే.

ఇరవై రెండేళ్ళుగా ఆ కార్ఖానాకు వచ్చే ప్రతి ఫోనూ ముందు హలో అక్క చెవిన పడేది. ఆమె వెనక గోడకు బూడిదరంగు ఎక్స్ఛేంజి పెట్టె, అందులో పన్నెండు తీగలు. ఏది ఎవరిదో పెట్టె మీద ఎక్కడా రాసి లేదు. కుట్టు గదిలో తెగిపడిన దారాలు ఏరుకొచ్చి ఆమే ఒక్కో తీగకు ఒక్కో రంగు కట్టింది. ఎరుపు యజమానిది, పసుపు కత్తిరింపు మేస్త్రిది, ఆకుపచ్చ గేటుది. నల్లది మాత్రం ఫోనుది కాదు, కుట్టు గది పైకప్పుకున్న మైకుది.

కొత్త ఫోన్లు తెచ్చింది యజమాని బావమరిది. ఇంటర్నెట్టులో నడిచే ఫోన్లను పాత పెట్టెకు కలపాలంటే మధ్యలో ఇటుకంత డబ్బా ఒకటి పెట్టాలని అతను రెండు వీడియోలు చూసి తెలుసుకున్నాడు. మూడోది చూసే ఓపిక లేకపోయింది.

"ఇదేంటక్కా, తీగలకి జడలేశావా?" అంటూ కత్తెర తీశాడు.

"బాబూ, ఆ దారాలు తీస్తే..."

"అన్నిటికీ తెల్ల క్లిప్పులు పెడతా. నీటుగా ఉంటుంది."

"ఆ నల్లదొక్కటి..."

"నీకెందుకక్కా ఈ గోల? రేపట్నుంచి నీకు పిడులు, నాకు తీగలు!"

హలో అక్క నేల మీద రాలిన దారాలు ఏరి కొంగున ముడివేసుకుంది.

పదింపావుకు యజమాని కత్తిరింపు మేస్త్రి కోసం ఫోను చేస్తే గేటు కాపలాదారు ఎత్తాడు.

"అయ్యగారు లేరు, రేపు రండి."

"నేనేరా అయ్యగార్ని!"

"అయితే అసలే లేరు" అని పెట్టేశాడు. అడిగిన ప్రతివాడికీ అలాగే చెప్పమని నేర్పింది యజమానే.

అంతలో ఇంటి నుంచి యజమాని భార్య, భర్త కొత్త నంబరుకు నేరుగా చేసింది. అది మేస్త్రి బల్ల మీద మోగింది. మేస్త్రికి ఫోను వస్తే కుట్టు గది నుంచే వస్తుంది, గుడ్డ ఇంకా రాలేదని.

"నేనే" అందావిడ.

"తెలుసు. పొద్దున్నుంచీ నీ నస భరించలేక చస్తున్నా. సాయంత్రం దాకా నోరెత్తకు!"

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఇలాంటి మాట పడలేదు. గొంతు ఎందుకు మారిందా అని ఆలోచించే స్థితిలో లేదు. చెప్పులేసుకుని బయల్దేరింది.

"ఏం కాదు బావా, కాసేపు వాడితే అవే దారికొస్తాయి" అన్నాడు బావమరిది.

పదకొండుకు టోకు వ్యాపారి మాత్రం అలవాటుగా పాత నంబరుకే చేశాడు.

"బాగున్నావామ్మా?"

"రేపట్నుంచి పిడులు అతికిస్తానండీ. అయ్యగారికి కలుపుతున్నా."

ఆమె ఒక్కో మీటా నొక్కుతూ పోయింది. ఐదో మీటకు యజమాని దొరికాడు. ఆయనతోపాటు కుట్టు గది పైకప్పు కూడా "హలో" అంది. నల్ల తీగనూ ఎర్ర తీగనూ ఒకే క్లిప్పులో బిగించారని హలో అక్కకు అర్థమైంది. ఫోను తెంపుదామని చెయ్యి చాచింది. తెంపితే ఆర్డరు పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముప్పై వేల గొడుగులు కావాలి. మీ దగ్గర పనివాళ్ళు నిలబడరని విన్నానే?"

"ఎవరండీ అంది? అందరికీ వీపు ఆనే కుర్చీలు. మధ్యాహ్నం అరగంట కునుకు. పొమ్మన్నా పోరు!"

ముక్కాలి పీటల మీదున్న నలభై మంది మిషన్లు ఆపి పైకి చూశారు.

"మరి ఫోనెత్తే ఆవిణ్ణి పిడులకి పంపుతున్నారట? ఆవిడ లేకపోతే నేనిక చెయ్యను."

"అయ్యో, ఊరికే సరదాకి అనుంటుంది. నేను పోయినా ఆవిడ కుర్చీ కదలదండీ!"

నలభై మందీ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

"ఏంటా చప్పుడు?"

యజమాని మూసిన తలుపు వైపు చూశాడు. "వానండీ."

"మీకప్పుడే మొదలైందా! అయితే నలభై వేలు చెయ్యండి."

ఫోను పెట్టేలోపే తలుపు తెరుచుకుంది.

"ఏమండీ, నేను నోరెత్తకూడదా?" అంది యజమాని భార్య. పైకప్పు కూడా అదే అడిగింది. యజమానికి అప్పుడు తెలిసింది, ఇంతసేపూ తను ఎంతమందితో మాట్లాడాడో.

వారం తిరక్కుండా వీపు ఆనే కుర్చీలు నలభై దిగాయి. పిడుల బల్ల దగ్గర ఖాళీ బావమరిదితో నిండింది. హలో అక్క తన కుర్చీలోనే కూర్చుని కొంగుముడి విప్పి, కొత్త డబ్బా తీగలకు కూడా రంగులు కట్టింది.

"ఆ నల్లది ఇప్పుడు ఏ తీగకుందమ్మా?" అనడిగాడు యజమాని, బాగా గొంతు తగ్గించి.

"గుర్తు లేదండీ" అంది ఆమె. పన్నెండు తీగల్నీ ఇరవై రెండేళ్ళు గుర్తుపెట్టుకున్న మనిషి.

ఆనాటి నుంచి యజమాని ఫోనులో నిజాలే చెబుతున్నాడు. అందుకని మాటలు బాగా తగ్గిపోయాయి.