ప్రార్థనలో ఉన్న బ్యాటు

ఆ శనివారం పొద్దున దైవాధీనం వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రార్థన ముగించి, కాఫీ తాగి, కూతురి షటిల్ బ్యాటుకు తీగలు వేయాలి. పొద్దెక్కాక అందరూ కలిసి అరకు గ్రౌండుకు వెళ్ళాలి. సిల్వియా తొమ్మిదో తరగతి. ఆ రోజు ఫైనల్లో సాలూరు పిల్ల రమణిని గెలిస్తే విశాఖపట్నంలో జరిగే జోనల్ ఆటలకు వెళ్తుంది. వచ్చే ఏడు పదో తరగతి కాబట్టి ఆటల మాట ఎత్తనివ్వనని తల్లి మగ్దలేనమ్మ ముందే చెప్పేసింది. ఈ ఒక్క ఫైనలే ఆ పిల్లకు దిక్కు.

ముందురోజు ఆటలో బ్యాటు తీగలు తెగిపోయాయి. బడికి ఉన్న మంచి బ్యాటు అదొక్కటే. తీగలు వేసే మనిషి కొండ దిగితే గాని దొరకడు.

"బెంగెట్టుకోకు గుంటా, నాను లేనేటి?" అన్నాడు దైవాధీనం కూతురితో. మిషన్ హాస్టల్లో స్టోరు చూసే ఆయన, నులక మంచాలు అల్లడంలో పేరున్నవాడు. ఆయన అల్లిన మంచం మీద పడుకుంటే నేల మీద పడుకున్నంత బిగువుగా ఉంటుందని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు.

బ్యాటు పిడిని కాలికింద తొక్కిపట్టి, నైలాన్ తీగకు కర్రముక్క చుట్టి, ముందు నిలువు తీగలన్నీ మెడ నరాలు తేలేలా లాగేశాడు. మంచానికైతే టేకు పట్టెలుంటాయి, ఎంత లాగినా ఓర్చుకుంటాయి. ఇది పల్చటి అల్యూమినియం గొట్టం. అడ్డతీగలు ఎక్కించబోయి చూస్తే, కోడిగుడ్డులా ఉండాల్సిన బ్యాటు తల గుమ్మడికాయలా అడ్డంగా ఉబ్బి ఉంది.

"ఇదేటి విడ్డూరం! నాను లాగింది తీగని. చట్రం ఎందుకు వంగీసినాది?"

మగ్దలేనమ్మ పొయ్యి దగ్గర నుంచే చూసింది. "పిండి ముద్దని పైనుంచి నొక్కితే పక్కలకి పోదేటి? పైకొసనీ కిందకొసనీ దగ్గరకి లాగీసినావు. మరి పక్కలకి కాక ఎటు పోద్ది?"

అయితే పక్కల్ని లోపలికి లాగితే సరి, అనుకున్నాడు దైవాధీనం. అడ్డతీగల్ని రెట్టింపు బలంతో బిగించాడు. కుడిపక్క లోపలికి వచ్చింది. ఎడమపక్క రానంది. బల్లమీద పెడితే బ్యాటు ఉయ్యాలలా ఊగింది.

సిల్వియా వచ్చి చూసింది. ఏడవలేదు. ఏడిస్తేనే బాగుండుననిపించింది తండ్రికి. "నాన్నా, దీంతో నానేటి ఆడగలను?" అని మాత్రం అంది.

ఇక మిగిలింది ఒకటే దారి. తెల్ల తువ్వాలు పరిచి, బ్యాటును బైబిలు పక్కన పెట్టి, ముగ్గురూ మోకరించారు. కళ్ళు మూసుకున్నాక దైవాధీనానికి ఒక సందేహం వచ్చింది. మనిషి తన చేత్తో వంచినదాన్ని తిన్నగా చేయమని దేవుణ్ణి అడగవచ్చా? అడిగాక చూద్దాంలే అనుకుని ప్రార్థన సాగించాడు.

అంతలో ఆటల మాస్టారు భాస్కర్ తలుపు కొట్టాడు. "బ్యాటు రెడీయా? బేగి తెండి, అవతలివాళ్ళు వచ్చేశారు."

దైవాధీనం చప్పున బ్యాటును తువ్వాల్లో చుట్టేశాడు. మగ్దలేనమ్మ అబద్ధం ఆడని మనిషి. "ప్రార్థనలో ఉందండి మాస్టారూ," అంది.

భాస్కర్ మాస్టారి ముఖం వెలిగిపోయింది. ఏటా పరీక్షల ముందు పిల్లలు హాల్‌టిక్కెట్లను చర్చి బల్లమీద పెట్టి ప్రార్థన చేయించుకోవడం ఆయన ఎరుగును. పెట్టినవాళ్ళు చాలామంది పాసవడమూ ఎరుగును. చెప్పులు విడిచి ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు. దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

వాళ్ళు గ్రౌండు చేరేసరికి తువ్వాలు మూటను తాకడానికి జనం ఎదురొచ్చారు. వాళ్ళను తోసుకుంటూ రమణి తండ్రి పోతురాజు వచ్చాడు. సాలూరులో లారీలున్న మనిషి. గొంతు హారన్ కంటే పెద్దది.

"ఇదేటి నాయం మాస్టారూ? ఆ గుంటకి ప్రార్థన చేసిన బ్యాటు, మా గుంటకి ఒట్టి బ్యాటునా?"

దైవాధీనానికి ప్రాణం చివుక్కుమంది. "బావూ, అలాంటిదేటీ లేదు. తీగలేసినపుడు నాను పాడుసేసీసినాను. వంకరైపోనాది."

"నాకు తెల్దేటి? పైకి అలాగే అంటావు. మూట విప్పు మరి!"

విప్పాడు. జనం నోళ్ళు తెరిచారు. అలాంటి ఆకారంలో ఉన్న బ్యాటును ఆ కొండల్లో ఎవరూ చూడలేదు.

"సూసినారా!" పోతురాజు కేక పెట్టాడు. "ఆ శక్తికి చట్రమే ఉబ్బిపోనాది!"

"శక్తి కాదు బావూ, నా చేతి బలం! మంచం లాగినట్టు లాగీసినాను!"

"సూడండి, ఎంత అణకువో," అన్నాడు పోతురాజు జనంతో. "మా గుంటకి ఆ బ్యాటు ఇవ్వందే ఆట జరగనివ్వను."

భాస్కర్ మాస్టారు తల గోక్కున్నాడు. ప్రార్థన చేసిన బ్యాటు గురించి ఆయన చదివిన రూల్సు పుస్తకంలో ఏమీ లేదు. చివరికి తేల్చాడు. ఇద్దరూ బ్యాట్లు మార్చుకుని ఆడాలి.

దైవాధీనం మళ్ళీ చెప్పబోయాడు. మగ్దలేనమ్మ మోచేత్తో పొడిచింది. నిజం చెప్పాను కదా ప్రభువా, వినకపోతే అదీ నా పాపమేనా, అని లోపల అడిగాడు. ఈలోగా ఆట మొదలైంది.

రమణి మంచి ఆటగత్తె. కానీ ఆమె కుడికి కొడితే షటిల్ ఎడమకు పోయింది. మెల్లగా తాకిస్తే పోయి కాఫీ మొక్కల్లో పడింది. గట్టిగా కొడితే తిన్నగా వెళ్ళి అంపైరు ఒళ్ళో వాలింది. సాలూరు నుంచి వచ్చిన నిగనిగలాడే బ్యాటుతో సిల్వియా మొదట బెరుకుగా, తర్వాత ఆనందంగా ఆడింది. రెండు గేములూ ఆమెవే.

రమణి బ్యాటును నేలకు కొట్టింది. "నాన్నా, ఇది వంకర బ్యాటు!"

"నోర్ముయ్యే గుంటా, కళ్ళు పోతాయి," అన్నాడు పోతురాజు. "బ్యాటు మంచిదే. మనకే నమ్మకం సాల్లేదు."

దైవాధీనం సాలూరు బ్యాటును రెండు చేతులా తిరిగి ఇవ్వబోయాడు. పోతురాజు వెనక్కి జరిగాడు. "వొద్దు పెద్దాయనా. అది మీ గుంటకే ఉంచండి, విశాఖపట్నంలో ఆడుకుంటాది. మాకు ఈ ప్రార్థన బ్యాటు ఇప్పించండి. దేవుడిగదిలో పెట్టుకుంటాం." భాస్కర్ మాస్టారు, పోయేది బడి బ్యాటేనన్న సంగతి కూడా మరిచి, సరేనని తలూపాడు.

పోతురాజు వంకర బ్యాటును కళ్ళకద్దుకున్నాడు. సిల్వియా తిన్నని బ్యాటును గుండెలకు హత్తుకుని తండ్రి వంక చూసింది. దైవాధీనం మరోసారి నిజం చెప్పడానికి నోరు తెరిచి, కూతురి ముఖం చూసి, ఆమెన్ అన్నాడు.