క్రిస్టినా ఊపిరి కోసం మూడు రోజుల ఉపవాసం

ఆదివారం పొద్దున జ్ఞానమ్మ వేసుకున్న ప్లాను చిన్నదే. చర్చికి వెళ్ళడం, ప్రార్థన మనవుల పెట్టెలో ఒక చీటీ వేయడం, వచ్చేటప్పుడు వంజరం ముక్కలు తెచ్చి పులుసు పెట్టడం.

నిడదవోలులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న కూతురు క్రిస్టినా ముందురోజు ఫోన్లో ఓ మాట చెప్పింది. స్నేహితురాళ్ళు ముగ్గురితో కలిసి శుక్రవారం అండమాన్ వెళుతోందట. అక్కడ వీపుకి సిలిండరు కట్టుకుని, సముద్రం అడుక్కి దిగి చేపల్ని చూస్తారట.

"చేపల్ని చూడ్డానికి అంత దూరమెందుకే? నరసాపురం మార్కెట్‌కొస్తే కావలసినన్ని," అంది జ్ఞానమ్మ.

"అవి చచ్చిపోయినవమ్మా."

ఆ మాట దగ్గరే జ్ఞానమ్మ ఆగిపోయింది. సిలిండరు ఖాళీ అయితే? గొట్టం ఊడిపోతే? ఆ గొట్టాన్ని ఏ సొరచేపో కొరికితే? లేసు అల్లుతుంటే దారం కూడా గొట్టంలాగే కనిపించింది. వద్దంటే పిల్ల మానేస్తుంది. కానీ ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకి మొదటిసారి అడిగిన సరదా. వద్దనే మాట తాను అనలేక, దేవుడి చేత అనిపిద్దామనుకుంది.

చీటీ రాయడానికి కూర్చున్నాకే తంటా వచ్చింది. కిందటేడు ప్రసన్నకుమారి కూతురు గోవా వెళితే, చర్చి స్త్రీల సమాజం మీటింగులో "పెళ్ళికాని పిల్లని అలా ఊళ్ళు తిప్పుతారా అండీ?" అన్నది జ్ఞానమ్మే. సమాజానికి కార్యదర్శి కూడా ఆమే. ఇప్పుడు అండమాన్ అని ఏ మొహంతో రాస్తుంది? అందుకని సముద్రాన్నీ చేపల్నీ వదిలేసి మిగిలింది రాసింది. "వచ్చే శుక్రవారం వెళ్ళాక మా అమ్మాయి క్రిస్టినాకి ఆక్సిజన్ సిలిండరు పెడతారు. ఊపిరి ఆగకుండా ప్రార్థన చేయండి." అందులో ఒక్క అబద్ధమూ లేదని రెండుసార్లు చదివి చూసుకుంది.

చర్చిలో ఆ చీటీ చదువుతూ చదువుతూ పాస్టరు అయ్యగారు కళ్ళజోడు తీసేశారు. సమాజం అధ్యక్షురాలు రత్నమాణిక్యం ముందు వరసలోంచి లేచి వచ్చి జ్ఞానమ్మను కావలించుకుంది.

"ఇంత బాధ పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేదేంటండీ?"

"అంత పెద్దదేం కాదండి..."

"చూడండి, ఎంత నిబ్బరమో," అంది రత్నమాణిక్యం అందరివైపూ తిరిగి. "ఎక్కడ పెడతారండి?"

"చాలా దూరమండి. విమానంలో వెళ్ళాలి."

విమానం అనేసరికి వెనక వరసల్లో ఏడుపులు మొదలయ్యాయి. చెప్పేద్దామని జ్ఞానమ్మ నోరు తెరిచింది. ఎదురుగా ప్రసన్నకుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. జ్ఞానమ్మ నోరు మూసుకుంది.

సోమవారం నుంచి మూడు రోజులు ఉపవాస ప్రార్థన, అదీ జ్ఞానమ్మ ఇంట్లోనే. మొదటి రోజు చెబుదామంటే పద్దెనిమిది మంది ఆడవాళ్ళూ మోకాళ్ళ మీద ఉన్నారు. రెండో రోజు చెబుదామంటే షుగరున్న రత్నమాణిక్యం కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమెకి పంచదార నీళ్ళు పట్టిస్తూ నిజం చెప్పడం జ్ఞానమ్మ వల్ల కాలేదు. భర్త యెహెజ్కేలు అన్నం పళ్ళెం డాబా మీదికి పట్టుకెళ్ళి దొంగచాటుగా తింటూ, "ఇవాళైనా చెప్పెయ్యవే," అన్నాడు.

"రేపు చెబుతానండి. మీరు ఆ అప్పడం చప్పుడు కాకుండా తినండి."

మూడో రోజు పదకొండింటికి గుమ్మం ముందు ఆటో ఆగింది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే జీవరాజు, కోవిడ్ అప్పుడు వాళ్ళ నాన్న కోసం కొన్న ఆక్సిజన్ సిలిండరును భుజాన మోసుకొచ్చి హాల్లో నిలబెట్టాడు.

"అంత దూరం ఎందుకండి? ఇక్కడే పెట్టేద్దాం. ఫుల్లుగా నింపించుకొచ్చాను."

అతని వెనకే, లీవు పెట్టి వచ్చిన క్రిస్టినా గుమ్మంలో అడుగుపెట్టింది. నెత్తిమీద నల్ల కళ్ళద్దాలు, చంకలో కప్పకాళ్ళలాంటి రబ్బరు చెప్పులు. పద్దెనిమిది తలలు లేచాయి.

"ఎవరికమ్మా ఈ సిలిండరు?" అంది క్రిస్టినా బెదిరిపోయి.

"నీకే," అంది రత్నమాణిక్యం నీరసంగా.

ఇక తప్పలేదు. అండమాన్, సముద్రం, చేపలు, చీటీలో వదిలేసినవన్నీ జ్ఞానమ్మ తన కాలి బొటనవేలికి చెప్పింది. మిగతావాళ్ళు విన్నారు.

"అంటే జబ్బు లేదా?" అంది రత్నమాణిక్యం.

"లేదండి."

"మరి ఆక్సిజనో?"

"అది ఆక్సిజన్ కూడా కాదు ఆంటీ," అంది క్రిస్టినా మెల్లిగా. "మేం వీపుకి కట్టుకునే దాంట్లో ఉండేది మామూలు గాలే."

మామూలు గాలి కోసం మూడు రోజులు పస్తున్నామని పద్దెనిమిది మందికీ అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"మా పిల్ల గోవాలో గట్టునే కూర్చుందండి," అంది ప్రసన్నకుమారి.

జ్ఞానమ్మ తల ఇంకా వంగిపోయింది. "అప్పుడన్నదీ తప్పేనండి, ఇప్పుడు దాచిందీ తప్పే."

క్రిస్టినా మొహం కందిపోయింది. "క్యాన్సిల్ చేసేస్తానమ్మా. ఇంతమందిని పస్తులుంచి నేనెక్కడికి వెళతాను?"

అంత సిగ్గులోనూ జ్ఞానమ్మ ప్రాణం లేచొచ్చింది. దేవుడు విన్నాడు. ఆ సంతోషం బయటపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది కానీ, రత్నమాణిక్యం చూడనే చూసింది. చూసి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"క్యాన్సిలా? ఈ పిల్ల ఊపిరి ఆగకూడదని మూడు రోజులు కడుపు మాడ్చుకున్నాం. ఇంట్లో కూర్చుంటే ఊపిరి ఎవరికి ఆగుతుందండి? మా ప్రార్థన ఏమైపోవాలి? నువ్వు వెళ్ళాలమ్మా. దిగాలి, మళ్ళీ పైకి రావాలి. ఆ వెళ్ళమనేదేదో మీ నోటితో మీరే చెప్పండి జ్ఞానమ్మగారూ."

"కాస్త గట్టిగా," అంది ప్రసన్నకుమారి.

జ్ఞానమ్మ కూతుర్ని చూసింది, రబ్బరు చెప్పుల్ని చూసింది, మొహాలు వాడిపోయి తననే చూస్తున్న పద్దెనిమిది మందినీ చూసింది.

"వెళ్ళిరా అమ్మా," అంది ఏడుపు గొంతుతో.

"ఎంత లోతైనా?" అంది ప్రసన్నకుమారి.

"ఎంత లోతైనా అండి."

సముద్రానికి అడ్డం పడడానికి దేవుడున్నాడు కానీ, మూడు రోజులు పస్తున్న స్త్రీల సమాజానికి అడ్డం పడేవాళ్ళు నరసాపురంలో ఎవరూ లేరు.